గృహవినోదములు: అరువది ముక్కల కట్ట

పేకాట యన్న మాట వినినంతనే మా చదువరులగు సోదరీమణులకు మనసు చివుక్కుమనుట సహజము. పేకముక్కల మూలమున పొలములు పోగొట్టుకొన్న యిండ్లును, నగలు కుదువబెట్టిన యిండ్లును మనలో ననేకు లెఱుంగుదురు. కావున నీ మాసము ముక్కల యాటను గూర్చి వ్రాయబూనినందులకు ముందుగా క్షమాపణ కోరుచున్నాము. మేము చెప్పబోవునది పందెపుటాట కాదు. ఇక్కడి పిల్లలును, విదేశములందున్న మన బిడ్డల బిడ్డలును పొద్దస్తమానము చెప్పుకొను పోకిమాన్ ముక్కల యాట. ఆ యాటలో పోటీకి తగిన కట్టను కూర్చుట యొక విద్య. ఆ విద్య గృహిణికి బొత్తిగా క్రొత్తది కాదని మాకు గత వేసవిలో దెలిసినది.

ముందుగా ఆట పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పుదుము. 1993 సంవత్సరమున అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను గణితశాస్త్రవేత్త కల్పించిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ అను నాట వెలువడెను. అంతకుముందు మన మెఱిగిన పేకాటలలో అందఱికిని ఒకటే కట్ట, కలిపి పంచుకొనుటయే. గార్‌ఫీల్డ్ ఆటలోనో, ఎవరి కట్టను వారే యింటివద్ద కూర్చుకొని తెచ్చుకొనవలయును. ఈ పద్ధతిమీదనే 1996లో జపాను దేశమున పోకిమాన్ ముక్కల యాట బయలుదేరెను. 1999లో ఇంగ్లీషు ముక్కలు వచ్చినవి. 2004లో ఫ్లారిడాలోని ఆర్లాండో నగరమున మొదటి ప్రపంచ పోటీ జరిగినది. 2023లో యోకొహామాయందును, 2024లో హోనొలులునందును ఈ పోటీలు జరిగినవి. పిల్లలకు వయసునుబట్టి వేఱు తరగతులు గలవు. చిన్నవారు జూనియరు, తరువాతివారు సీనియరు, పెద్దవారు మాస్టర్సు.

మేము గత వేసవిలో టెక్సాసు రాష్ట్రమున డల్లాసునకు సమీపముననున్న మా కుమార్తె యింట మూడు నెలలు గడిపితిమి. మా మనుమరాలికి పదియేండ్లు. మేము చేరిన వారమునకే యది తన ఊరి యాటవస్తువుల దుకాణములో జరిగిన చిన్నపోటీకి పోయి, నాలుగాటలు ఆడి నాలుగును ఓడి వచ్చెను. కారు దిగినది మొదలు ఎవ్వరితోను మాటాడక గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. మఱునాడు మేము పోయి ప్రక్కను గూర్చుండి, "నీ ముక్కలు నాకు చూపించవే" యని యడిగితిమి. మాకు ఆట రాదని దానికి దెలియును. ఐనను కట్ట తెచ్చి పక్కపై పఱచెను.

ఆట నియమములను అదియే మాకు బోధించెను. కట్టలో సరిగా 60 ముక్కలుండవలయును. ఒకటి ఎక్కువైనను తక్కువైనను పనికిరాదు. ఒకే పేరుగల ముక్కలు నాలుగింటికి మించరాదు. మామూలు ఎనర్జీ ముక్కలకు మాత్ర మీ కట్టుబాటు లేదు. ముక్కలు మూడు తెగలు. పోరాడు జీవములు పోకిమాన్ ముక్కలు. వానికి బలమిచ్చునవి ఎనర్జీ ముక్కలు. క్రొత్త ముక్కలు తీయుటకును, కావలసినది వెదకుటకును తోడ్పడునవి ట్రెయినరు ముక్కలు. ఆట మొదట చేతికి 7 ముక్కలు తీసికొందురు. మఱి 6 ముక్కలు బోర్లించి బహుమానముగా ప్రక్కనుంతురు. ఎదుటివాని జీవము నొకదానిని పడగొట్టిన ఒక బహుమానము దొరకును. మిక్కిలి బలముగల కొన్ని జీవములు పడిన రెండును దొరకును. ఆరు బహుమానములను ముందుగా తీసికొన్నవారు గెలిచినట్లు. తన వంతు వచ్చినపుడు తీయుటకు కట్టలో ముక్క లేకపోయినను, ఆటలో జీవమొక్కటియు మిగులకపోయినను ఓటమియే.

ఇక దాని కట్టను లెక్కించితిమి. జీవములు 29, ఎనర్జీ ముక్కలు 21, ట్రెయినరు ముక్కలు 10. ఆ యెనర్జీలోను మూడు రంగులు: నిప్పు 9, నీరు 6, మెఱుపు 6. ఆ 29 జీవములలో మొదటిదశవి, అనగా నేరుగా ఆటలో దింపదగినవి, ఎనిమిదియే. తక్కినవన్నియు వానిపైని ఎదిగి రావలసిన పెద్ద జీవములు. చార్మాండరు ఉన్నగాని చార్మీలియను రాదు. అది యున్నగాని చారిజార్డు రాదు. ఈ పిల్ల పెద్దవానియందు మక్కువతో పెద్దవానినే నింపుకొన్నది.

సోదరీమణులారా, పెండ్లిపందిరిలో పది తీపివంటకములు చేసి అన్నము వండుట మఱచిన యింటిని తలచుకొనుడు. మాకు తోచినది అదియే. మొదటి 7 ముక్కలలో మొదటిదశ జీవ మొకటియైనను లేనియెడల ఆ చేతిని చూపి, కట్టలో గలిపి మరల తీసికొనవలయును. అందులకు ఎదుటివారు ఒక ముక్క అదనముగా తీసికొనవచ్చును. అట్టి జీవము లెనిమిదియే యున్న కట్టలో నూటికి ఇంచుమించు 35 సారులు ఈ దుర్గతి పట్టును. పండ్రెండున్నచో అది నూటికి 19 సారులకు దిగును. ఈ లెక్క మా యల్లుడు కట్టి చెప్పెను. ఇంకొక లెక్కయు చెప్పెను. ఒక ముక్క కట్టలో ఒక్కటియే యున్న, అది మొదటి చేతిలో పడుట నూటికి 12 సారులు మాత్రమే. నాలుగున్నచో నూటికి 40 సారులు ఒకటియైనను పడును. మఱియు ఒంటరి ముక్క ఆ బోర్లించిన ఆరింటిలో చిక్కుకొనుట నూటికి 10 సారులు. ముఖ్యమైన ముక్కను నాలుగేసి పెట్టుకొనుటకు కారణమిదియే. నెల సరకు తెచ్చుకొనునపుడు బియ్యమెంత, ఏలకులెంత యని మన మాలోచించుట యిట్టిదే కదా!

ఆ దినము మొదలు సాయంకాలము లందు మేమిరువురము పక్కపై ముక్కలు పఱచుకొని కూర్చుంటిమి. మొట్టమొదట ఒక ప్రశ్న వేసికొంటిమి: ఈ కట్ట దేనిచేత గెలువవలయును? చారిజార్డుచేత నని పిల్ల నిశ్చయించెను. అంతట తక్కిన ముక్కల నన్నిటిని ఒక్కొక్కటే చేతబట్టి, ఇది చారిజార్డు రాకకు గాని నిలుకడకు గాని ఏమి సాయము చేయునని యడిగితిమి. బదులు చెప్పలేని ముక్కను ప్రక్కన బెట్టితిమి. చార్మాండర్లు 4, చార్మీలియనులు 2, చారిజార్డులు 3, సహాయజీవములు 8. మొత్తము 17 జీవములు. ఎనర్జీ నిప్పురంగువి మాత్రమే 10. ఒక్కొక్క వంతుకు చేతినుండి ఒక్క ఎనర్జీ మాత్రమే తగిలింపవలయును గావున, ఎక్కువైనవి చేతిలో ఊరక బరువగును.

మిగిలిన 33 ట్రెయినరు ముక్కలు. అందు చేతిముక్కలను పెంచునట్టివి 10, జీవములను వెదకి తెచ్చునవి 10. మధ్యదశను దాటించి చిన్నదానిని ఒక్కమాఱే పెద్దదిగా జేయు రేర్ క్యాండీ అనునవి 4. ముందున్న జీవమును వెనుకకు మార్చునవి 3, పడిపోయినవానిని తిరిగి తెచ్చునవి 2, స్టేడియములు 2, ఇతరములు 2. ట్రెయినరు ముక్కలలో సపోర్టరు అనునవి వంతుకొకటియే ఆడవలయును. ఐటము అనునవి యెన్నియైనను ఆడవచ్చును. కావున సపోర్టర్లను మితముగా నుంచితిమి.

మధ్యలో నొక చిక్కు వచ్చినది. నీటిరంగు ముక్కలన్నియు తీసివేయగా లాప్రాస్ అను జీవపుముక్క యొక్కటి మిగిలినది. మావారు గతించుటకు ముందటి యేడు అక్కడికి వచ్చినప్పుడు కొనియిచ్చిన పొట్లములో నుండినది అది. ఆరు నీటి ఎనర్జీ ముక్కలును ఈ యొక్కదాని కొఱకే కట్టలోనికి వచ్చినవని మాకప్పుడు తెలిసినది. అనగా అరువదింట ఏడు ముక్క లీ యొక్కదాని పాలైనవి. మేమేమియు ననలేదు. ఉండనిమ్మని చెప్పుదమనియే నోటివఱకు వచ్చినది. పిల్ల చాలసేపు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, "అమ్మమ్మా, ఇది తీసేస్తే తాతయ్యకు కోపం వస్తుందా?" యని యడిగెను. రాదని చెప్పితిమి. "అయితే నీ సంచిలో ఉంచు. పోటీకి నువ్వు తీసుకురా" యని మా చేతికిచ్చెను.

ఇక డబ్బు మాట. తల్లులు ముఖ్యముగా గమనింపవలసిన దిది. పొట్లమున కిన్ని ముక్కలుండునని తెలియును గాని, ఏవి యుండునో తెలియదు. మా మనుమరాలు దాచుకొన్న డబ్బుతో పదునొకండు పొట్లములు కొనినను కావలసిన చారిజార్డు ఒక్కటియు రాలేదు. పందెము లేని యాట యంటిమి గాని, ఈ పొట్లములు విప్పుటలో మాత్రము పందెపు రుచి కొంత గలదు. ఆ రుచి పిల్లలకు తగులకుండ చూచుట మన విధి. పోటీకట్ట కావలసినవారు ముక్కల పట్టిక ముందుగా వ్రాసికొని, విడిముక్కలు కొనుటయే పొదుపు. మొదటిసారి ఆడువారికి సిద్ధముగా కూర్చిన లీగ్ బ్యాటిల్ డెక్కు అను 60 ముక్కల కట్ట కొనియిచ్చి, అందు కొన్ని మార్చుకొనుట మఱియు మేలు. ప్రపంచపోటీలో గెలిచినవారి కట్టలకు నకళ్లుగా అమ్మునవి మాత్రము కొనకుడు; వాని వీపు వేఱు గావున పోటీలో చెల్లవు. పాతముక్కలకును గడువు గలదు. ముక్క అడుగున నొక అక్షరము అచ్చువేయబడి యుండును; ఏటేట పాత అక్షరములవానిని ప్రధానమగు పోటీలనుండి తొలగింతురు. ఐతే అదే పేరుతో, అదే అర్థముతో క్రొత్తగా అచ్చైన ముక్క చెల్లునదైనచో, ఇంట నున్న పాతదియు చెల్లును. కాబట్టి క్రొత్తది కొనుటకు ముందు పాతపెట్టె వెదకుడు.

మార్పిడి విషయమునను జాగ్రత్త వలయును. దుకాణములో పెద్దబాలు డొకడు మూడు మెఱుపుముక్క లిచ్చి మా పిల్ల ముక్క నొకదాని నడిగెను. వెల విచారింపగా ఆ మూడును కలిసి దీని వెలలో నాలవవంతునకును రాలేదు. పెద్దవా రొకరు ప్రక్కన లేనిదే మార్పిడి చేయగూడదని మా కుమార్తె ఆనాటినుండి నియమము పెట్టినది. తన పిల్ల తనకంటె చిన్నవారిని మోసగింపకుండుటకును ఆ నియమమే పనికివచ్చునని ఆమె యన్నమాట మాకు నచ్చినది.

తరువాతి నెల మరల పోటీకి పోతిమి. ముక్కలన్నిటికి ఒకే రంగు తొడుగులు క్రొత్తవి వేసితిమి. తొడుగు చిరిగినను, గుఱుతు పడినను తప్పు పట్టుదురు. కట్టలోని ముక్కల పట్టికను పిల్ల తన చేతితో వ్రాసి యిచ్చెను. ఆట జరుగునపుడు తల్లిదండ్రులు గాని, మఱెవ్వరు గాని ఒక్కమాటయు సాయము చెప్పరాదు. మేము గోడప్రక్క కుర్చీలో సంచి ఒడిలో పెట్టుకొని కూర్చుంటిమి. సమానముగా గెలిచినవారిని సమానులతో జతపఱచు పద్ధతిని నాలుగాటలు జరిగినవి. మా మనుమరాలు రెండు గెలిచి రెండు ఓడెను. ఓడిన యాటలలో నొకదానియందు చారిజార్డులు రెండు బహుమానపు ముక్కలలో చిక్కినవట. "ఈసారి ఎందుకు ఓడిపోయానో నాకు తెలుసు అమ్మమ్మా" యని చెప్పుచు, ఎదుటిపిల్లవానికి చేయిచ్చి మా యొద్దకు వచ్చెను. లాప్రాస్ సంచిలో భద్రముగా నున్నదా యని చూచుకొని, మరల మాకే యిచ్చెను.

అది యిప్పుడు మా యింట దేవుని గూటిప్రక్క మావారి పటము క్రింద నున్నది. వచ్చు వేసవికి తీసికొని రమ్మని పిల్ల ఉత్తరమున వ్రాసినది. తెలుగున వ్రాసినది; తప్పులు పండ్రెండు. మీ యిండ్లలో పిల్లలు ఈ ముక్కలు పఱచుకొని కూర్చున్నపుడు విసుగుకొనక, ఒక్కసాయంకాలము ప్రక్కను గూర్చుండి కట్ట లెక్కించి చూడుడని మా మనవి.