పొగ కనబడని పొయ్యికి కూడా గవాచి కావాలి

అనంతపురం వైపు పాత మట్టిమిద్దెలు చూసినవాళ్ళకి గవాచి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం: అది ఇంటి పైకప్పులో వదిలే కంత. వెలుతురు లోపలికి రావడానికి, పొయ్యి పొగ బయటికి పోవడానికి. వానొస్తే మూత పెట్టేవాళ్ళు. మా జిల్లాలో వాన సంగతి తెలిసిందే కాబట్టి ఆ మూతకి పెద్దగా పని వుండేది కాదు :)

స్నానానికి నీళ్ళయితే ఇంట్లో కాచేవాళ్ళే కాదు. పెరట్లో అండా, దాని కింద శెనక్కాయ పొట్టు, కంప పుల్లలు. తర్వాత వచ్చిన రాగి బాయిలర్‌కి కూడా నడుమ ఒక గొట్టం వుండేది. కింద నిప్పు, పైన పొగ. దాన్ని చేసినవాళ్ళు థర్మోడైనమిక్స్ చదివి వుండకపోవచ్చు గానీ, నిప్పు పెట్టినచోట పొగకి దారి పెట్టాలని మాత్రం తెలుసు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి సిలిండర్ పల్లెలకి కూడా చేరింది. మంచిదే, ఆడవాళ్ళ కళ్ళు బాగుపడ్డాయి. కానీ కంటికి పొగ కనబడకపోయేసరికి, దానికి దారి కావాలన్న సంగతి కూడా మర్చిపోయాం. ఫలితం: తలుపు, కిటికీ బిగించుకున్న బాత్రూంలో గోడకి తగిలించిన గ్యాస్ గీజర్. కరెంటు వున్నా పోయినా రెండు బ్యాటరీలతో వెలుగుతుంది, బిల్లు తక్కువ, ఉడుకు నీళ్ళు క్షణంలో వస్తాయి. ఇంతకంటే ఏం కావాలి?

గాలి కావాలి. చిన్న లెక్క వేద్దాం. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్ళని పాతిక డిగ్రీలు వేడెక్కించే గీజర్ గంటకి సుమారు ఒక కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా కాలాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే పావుగంట స్నానానికి మూడు ఘనపు మీటర్లు. ఐదడుగులు బై ఏడడుగుల బాత్రూంలో వున్న గాలంతా కలిపితే ఎనిమిది ఘనపు మీటర్లు. గాలి మొత్తం అయిపోయేదాకా ఆగక్కర్లేదు. ఆక్సిజన్ కాస్త తగ్గగానే మంట సరిగ్గా కాలడం మానేసి కార్బన్ మోనాక్సైడ్ తయారుచేస్తుంది.

దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. "లీకైతే వాసనొస్తుంది కదా" అనేవాళ్ళకి: ఆ వాసన సిలిండర్ గ్యాసులో కావాలని కలిపినది. గ్యాసు మండితే అదీ మండిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది ఎర్రర్ మెసేజ్ ఇవ్వకుండా పడిపోయే ప్రోగ్రాం. పాత పొయ్యి కనీసం దగ్గించేది, కళ్ళు మండించేది. అదే దాని లాగ్ ఫైల్.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో, గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న ఎనిమిది మంది కేరళ యాత్రికులు చనిపోయారు. 2023 జూన్‌లో బెంగుళూరు శివార్లలో ఒక యువ జంట బాత్రూంలో గ్యాస్ గీజర్ వల్ల పోయారు. బాత్రూంలో ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్ళలో కొందరికి అసలు కారణం గీజరేనని మన దేశపు న్యూరాలజిస్టులు మెడికల్ జర్నల్స్‌లో రాశారు. ఇలాంటివాటికి బయట పెట్టే పేరు మాత్రం "బాత్రూంలో జారి పడ్డాడట", "బీపీ వుండిందట".

నాకు అర్థం కానిది ఒకటుంది. అమెరికాలో వుండే మనవాళ్ళ ఇళ్ళల్లో గ్యాస్ వాటర్ హీటర్‌కి బయటికి గొట్టం వుంటుంది. కాలిఫోర్నియాలో 2011 జులై నుంచి అలాంటి ఇళ్ళల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఇంగ్లండులో అద్దెకిచ్చే ఇంటి యజమాని ఏటా గ్యాస్ పరికరాలు తనిఖీ చేయించి కాగితం ఇవ్వాలి. అవన్నీ బుద్ధిగా పాటించే మనమే అనంతపురంలో వున్న అమ్మానాన్నలకి ఆన్‌లైన్లో గీజర్ కొని పంపిస్తాం. దాన్ని ఎక్కడ తగిలించాలో నిర్ణయించేది ఆ రోజు వచ్చిన ప్లంబరు. నళ్ళా ఎక్కడుంటే అక్కడే. కొనేటప్పుడు వంద రివ్యూలు చదివే మనం ఒక్క ఫోన్ చేసి "ఎక్కడ బిగించారు?" అని అడగం.

అడగండి. గీజర్ బాత్రూం బయట, గాలాడే బాల్కనీలోనో యుటిలిటీలోనో వుండాలి. లోపలికి ఉడుకు నీళ్ళ పైపు మాత్రమే రావాలి. పొగ గొట్టం వుంటే అది ఆరుబయట తేలాలి, మూసేసిన డక్టులో కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వుందిగా అనుకోవద్దు, బయటికి పోవాల్సిన పొగని అదే ఒక్కోసారి వెనక్కి లాగుతుంది. మంట నీలంగా కాకుండా పసుపుగా వుంటే వాడటం ఆపేసి మెకానిక్‌ని పిలవాలి. గ్యాస్ లీక్ అలారం వేరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు. అద్దె ఇల్లు, మార్చడానికి కుదరదంటారా? మార్చేదాకా దాన్ని వాడకుండా పొయ్యి మీద కాచుకోవడమే మేలు.

ఇంకొకటి. బాత్రూంలోంచి పలకకపోతే తలుపు పగలగొట్టి మనిషిని గాలిలోకి తెచ్చి, గ్యాస్ కట్టేసి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి 98 చూపించిందని ఊరుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ వున్న రక్తంగానే లెక్కేస్తుంది.

చట్టాలు రావాలి, తనిఖీలు జరగాలి, నిజమే. కానీ మా తాతల కాలంలో గవాచి పెట్టమని ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వలేదు. ఇల్లు కట్టుకునేవాడికి ఆ మాత్రం ఇంగితం వుండేది, అంతే. ఈ శనివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాన పడిందా అని అడిగాక, గీజర్ ఎక్కడుందో కూడా అడగండి.