తడి ముక్కల లెక్క

ఆలూ చిప్స్ వేయించేటప్పుడు ముక్కల్లో తడి ఉంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? నూనె చిటపటలాడి చేతుల మీదికొస్తుంది. మూకుడు చల్లబడుతుంది. ముక్క కరకరలాడేసరికి మన కాళ్లు పీకుతాయి. గ్యాసూ దండగే. సరిగ్గా ఈ సంగతే ఇంగ్లండులో చిప్స్ చేసే పెద్ద కంపెనీ వాకర్స్‌కి లెక్కలు కట్టించుకుంటేగానీ తెలియలేదంటే నమ్ముతారా?

తమ చిప్స్ పాకెట్ ఒక్కటి తయారై అమ్ముడయ్యేసరికి గాలిలోకి ఎంత బొగ్గుపులుసు వాయువు చేరుతోందో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థతో కలిసి లెక్క కట్టారు. దీన్నే కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటున్నారు. ఇదేం బ్రహ్మవిద్య కాదండీ. ఎంత ఇంధనం కాలిందో చూసి, దానికి తగ్గ అంకెతో హెచ్చవేయడమే. వంటగ్యాసుకైతే కిలోకి సుమారు 3 కిలోలు. మన 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి దాదాపు 42 కిలోలన్నమాట! (గ్యాసు కన్నా దాన్నుంచి వచ్చిందే ఎలా ఎక్కువ తూగుతుందని మా పక్కింటావిడ నిలదీసింది. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ కూడా కలుస్తుంది మరి.)

చిక్కంతా ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నదే. ఫ్యాక్టరీ గేటు లోపలి బిల్లులు చూస్తే చాలదు. దుంప పండిన పొలం, ఎరువు, నిల్వ ఉంచిన గిడ్డంగి, నూనె, కవరు, లారీ, ఆఖరికి చెత్తబుట్ట దాకా అన్నీ కలపాలి. అలా కలిపితే చిన్న పాకెట్‌కి 75 గ్రాములు తేలింది. 2007లో ఆ అంకెని పాకెట్ మీదే అచ్చువేశారు.

గిడ్డంగి దాకా వెళ్లినప్పుడే అసలు గుట్టు బయటపడింది. కంపెనీ దుంపల్ని తూకాన్ని బట్టి కొంటోంది. దుంప ఎండితే బరువు తగ్గి రైతుకి నష్టం. అందుకని గిడ్డంగిలో గాలిని తేమగా ఉంచడానికి కరెంటు ఖర్చు. ఆ నీటినే నూనెలో ఆవిరి చేయడానికి ఫ్యాక్టరీలో మళ్లీ ఇంధనం ఖర్చు! రైతుని తప్పుపట్టలేం. తూకానికి డబ్బిస్తామంటే ఎవరైనా తూకమే చూసుకుంటారు కదా!

నీటి బరువుకి కాక, దుంపలోని అసలు సరుకుకి ధర కట్టే పద్ధతికి మారారు. ఇలాంటివన్నీ కలిపి రెండేళ్లలో పాకెట్ లెక్క సుమారు 7 శాతం దిగింది. కొత్త మిషను కొనడం కన్నా బేరం కాగితం మార్చుకోవడమే నాకు భలే నచ్చింది.

మన మూకుడు సంగతికొస్తే, కడిగిన ముక్కల్ని పొడిబట్ట మీద పలచగా పరిచి ఓ పావుగంట ఆరనివ్వండి. ఫ్యాను అక్కర్లేదు, కిటికీ పక్కన పెడితే చాలు.