వారు అనని మాట

రంజాన్‌కు కొన్నాళ్ళ ముందు మా వీధిలో ఒక చిన్న తగవు వచ్చింది. నా దగ్గర ఖుర్ఆన్ చదువుకునే పదేళ్ళ పిల్లవాడు, బడిలో తన పక్కన కూర్చునే క్రైస్తవ అమ్మాయితో "మీకు ముగ్గురు దేవుళ్ళు. అల్లాహ్, ఈసా, మర్యమ్" అన్నాడట. ఆ అమ్మాయి ఏడ్చింది. సాయంత్రం ఆమె తండ్రి మా ఇంటికి వచ్చాడు. కోపంతో కాదు. "మౌల్వీ సాబ్, మరియమ్మను దేవుడని మేము ఎప్పుడన్నాం?" అని మాత్రం అడిగాడు. నేను తల వంచుకున్నాను. పిల్లవాడికి ఆ మాట నేర్పింది నేనే.

త్రిత్వాన్ని మనం అంగీకరించం. దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 171వ ఆయతులోను, అల్ మాయిదా సూరా 73వ ఆయతులోను ఈ విషయం తేటతెల్లంగా ఉంది. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త. ఇందులో రాజీ లేదు. అయితే ఒకరి విశ్వాసాన్ని కాదనడం వేరు, వారు అనని మాటను వారి నోట పెట్టడం వేరు. రెండోది అబద్ధం. తౌహీద్ పేరుతో చెప్పినా అబద్ధం అబద్ధమే.

ఇంతకూ వారు అనేదేమిటి? వారి విశ్వాస ప్రమాణం దేవుడు ఒక్కడే అనే మాటతోనే మొదలవుతుంది. ఆ ఒక్క దైవత్వంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురు ఉన్నారని, ముగ్గురిదీ ఒకే సారమని అంటారు. అరబ్బీ మాట్లాడే క్రైస్తవ పండితులు ఆ సారాన్ని 'జౌహర్' అని, ముగ్గురిలో ఒక్కొక్కరిని 'ఉఖ్నూమ్' అని పిలిచారు. ఈ ముగ్గురిలో మర్యమ్ (అలైహస్సలాం) లేరు. 'కుమారుడు' అన్నది కూడా శరీర సంబంధమని వారు చెప్పరు. ఇస్కందరియా పట్టణపు పాదరీ ఏరియస్, కుమారుడు సృష్టించబడినవాడే అని వాదించగా, 325లో నైకియాలో కూడిన బిషప్పుల సభ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మ గురించిన మాటలను విస్తరించింది. హజ్రత్ ఈసా (అ) వెళ్ళిన మూడు వందల ఏళ్ళకు కుదిరిన మాటలివి అని మన పండితులు అంటారు. మాటలు తరువాత కుదిరినా విశ్వాసం మొదటినుంచీ ఉన్నదే అని వారి జవాబు. చర్చ జరగవలసింది ఇక్కడ, మర్యమ్ దగ్గర కాదు.

వారి ఆరాధన కూడా చూడాలి. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని మూడు చెప్పినా 'నామం' అనే మాట ఏకవచనమే, 'నామాలు' కాదు. అరబ్బు క్రైస్తవులు సిలువ గుర్తు వేసుకుంటూ ముగ్గురి పేర్లు చెప్పిన వెంటనే 'అల్ ఇలాహుల్ వాహిద్', అంటే 'ఒక్కడే దేవుడు' అని కలుపుతారు. ఆనాడు ఆ తండ్రి నాతో అన్నది ఇది: "మమ్మల్ని పుట్టించినవాడూ, మా కోసం వచ్చినవాడూ, మా లోపల ఉండి నడిపించేవాడూ వేరు వేరు దేవుళ్ళు కారు సాబ్." వారి పండితులైతే ఇంకా ఆచితూచి చెబుతారేమో. నాకు మాత్రం ఆయన మాటే గుర్తుండిపోయింది.

మరి అల్ మాయిదా 116వ ఆయతు మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. అల్లాహ్‌ను కాదని ఈసాను, ఆయన తల్లిని ఆరాధ్యులుగా చేసుకోవడాన్ని అది ఖండిస్తుంది. త్రిత్వంలో మూడో స్థానం మర్యమ్‌దని అందులో లేదు. మర్యమ్‌కు రొట్టెలు నైవేద్యం పెట్టే స్త్రీలు అరేబియాలో ఉన్నారని నాలుగో శతాబ్దపు బిషప్పు ఎపిఫానియస్ రాశాడు. ఆయనే వారిని దారి తప్పినవారన్నాడు.

మన పెద్దలకు ఈ తేడా తెలుసు. ఇమామ్ షహ్రస్తానీ (మరణం 1153) తన 'అల్ మిలల్ వన్నిహల్'లో క్రైస్తవ వర్గాల అభిప్రాయాలను వేరు వేరుగా వివరించారు. 1854లో ఆగ్రాలో పాదరీ ఫాండర్‌తో మునాజరాకు దిగిన మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ, డాక్టర్ వజీర్ ఖాన్ తోడ్పాటుతో ఐరోపా పండితుల బైబిల్ విమర్శలను ముందే పరిశీలించారు. త్రిత్వం కూడా ఆ చర్చాంశాల్లో ఉండింది. రెండు రోజులకే మునాజరా ఆగిపోవడంతో వంతు అక్కడిదాకా రాలేదు. ఆ మహనీయుల పేర్లు చెప్పుకునే మనం, పక్కింటివారిని అడగడానికి బద్ధకిస్తున్నాం.

మరునాడు పిల్లవాణ్ణి పిలిచి, నేను నేర్పింది తప్పని ఒప్పుకున్నాను. "అయితే వాళ్ళు చెప్పేది నిజమేనా, హజ్రత్?" అన్నాడు. "కాదు బేటా. కాని నువ్వన్నది వాళ్ళు చెప్పేది కాదు" అన్నాను. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. ఆ అమ్మాయి ఇంటికి మాత్రం తనంతట తానే వెళ్ళి వచ్చాడు.