టికెట్ కిటికీ ఎటు పోయింది?

"అభివృద్ధి" అనే మాట వినగానే మనం మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ అభివృద్ధి జరుగుతున్నంత కాలం ఇబ్బంది పడేది ఎవరు? ప్రాజెక్టుల కింద మునిగే ఊళ్ళ గురించి, రోడ్ల వెడల్పులో లేచిపోయే బస్తీల గురించి మనం ఈ ప్రశ్నను చాలా కాలంగా అడుగుతూనే ఉన్నాం. రైల్వేస్టేషన్ల ఆధునికీకరణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మెదపడం లేదు. స్టేషన్ బాగుపడితే అందరికీ మంచిదే కదా అని సరిపెట్టుకుంటున్నాం.

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద దేశవ్యాప్తంగా 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి ఒకేరోజు శంకుస్థాపన జరిగింది. అందులో తెలంగాణవి 21, ఆంధ్రప్రదేశ్‌వి 18. అంతకు నాలుగు నెలల ముందే, ఏప్రిల్ 8న, దాదాపు 720 కోట్లతో సికింద్రాబాద్ స్టేషన్ పనులకు పునాదిరాయి పడింది. లిఫ్టులు, ఎస్కలేటర్లు, విశాలమైన వెయిటింగ్ హాళ్ళు వస్తాయని రంగురంగుల బొమ్మలు చూపించారు. రావద్దని ఎవరంటారు? కాళ్ళనొప్పుల ముసలమ్మకూ, నిండు గర్భిణికీ లిఫ్టు కావాల్సిందే. కానీ ఆ బొమ్మల్లోని స్టేషన్‌కూ ఇవాళ్టి స్టేషన్‌కూ మధ్య ఏళ్ళు గడుస్తున్నాయి. ఆ ఏళ్ళలో కూడా ఆడవాళ్ళు పనికి పోవాలి, తిరిగి రావాలి. ఆ మధ్యకాలానికి ఏ బొమ్మా లేదు, ఏ హామీ లేదు.

నేను రోజూ లోకల్ రైలు ఎక్కే స్టేషన్‌లోనూ ఇలాంటి పనులే సాగుతున్నాయి. పేరు చెప్పను. ఎవరి స్టేషన్ పేరు వాళ్ళు పెట్టుకుని చదువుకోవచ్చు. మొదట బస్తీ వైపున్న టికెట్ కౌంటరు మూసేశారు. తాత్కాలిక కౌంటరు అవతలి వైపు రేకుల షెడ్డులో పెట్టారు. అవతలికి పోదామంటే పాత కాలివంతెన మెట్లకు అడ్డంగా రేకులు కొట్టారు. చుట్టూ తిరిగి గేటు దాటి పోవాలంటే పావుగంట. అక్కడ రెండు కిటికీల్లో ఒకటే తెరిచి ఉంటుంది. మూసిన పాత కౌంటరు గోడకు మాత్రం ఒక క్యూఆర్ కోడ్ కాగితం అంటించి, ఫోన్లో టికెట్ తీసుకోమని రాశారు.

ఉదయం ఆరున్నర బండికి వచ్చేవాళ్ళెవరు? అపార్టుమెంట్లలో ఇంటిపని చేసేవాళ్ళు, ఆసుపత్రుల్లో ఆయాలు, షాపుల్లో సేల్స్ గర్ల్స్, కూరగాయల గంపలవాళ్ళు. ఇంట్లో వంట చేసి, నీళ్ళు పట్టి, పిల్లల్ని లేపి, ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చేవాళ్ళు. వాళ్ళ దగ్గర అదనంగా పావుగంట లేదు. మగవాడికి టికెట్ కౌంటరు దూరమైతే నడక పెరుగుతుంది. ఇంటి చాకిరీ అంతా తన నెత్తినే ఉన్న స్త్రీకి అదే దూరమైతే నిద్ర తగ్గుతుంది. ఆ లెక్క ఏ ఇంజనీరు ప్లానులోనూ ఉండదు.

ఇళ్ళలో పనిచేసే ఒకామె ఆ కాగితం ముందు నిలబడి అన్న మాట నాకింకా చెవిలో ఉంది: "పైసలిచ్చి టికెట్ అడుగుతున్న గదక్కా, పుణ్యానికి అడుగుతలేను గదా!" మన చట్టం చెప్పేదీ సరిగ్గా ఈ మాటే. 1989 రైల్వే చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ప్రయాణం చేయదలచిన వ్యక్తి చార్జీ చెల్లిస్తే రైల్వే ఉద్యోగి గానీ, అధీకృత ఏజెంటు గానీ టికెట్ ఇవ్వాలి. గోడకంటించిన కాగితం ఉద్యోగి కాదు, ఏజెంటూ కాదు.

"ఈ కాలంలో ఫోన్ లేనిదెవరికి?" అని అడిగే పెద్దమనుషులకు ప్రభుత్వ లెక్కలే జవాబు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు తెలంగాణలో నూటికి 60 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 49 మంది. జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు తెలంగాణలో నూటికి 27 మంది లోపే, ఆంధ్రప్రదేశ్‌లో 21 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయనే అనుకుందాం. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరి జేబులో ఉంటుందో, బ్యాంకు ఖాతా ఏ నంబరుకు కలిసి ఉంటుందో, రీఛార్జి అయిపోతే ఎవరిది ఆగిపోతుందో మనకు తెలియనిది కాదు. ఐదు, పది రూపాయల టికెట్ కోసం భర్త ఫోనో, కొడుకు ఫోనో అడుక్కోవాలంటే, ఆమె ఎక్కడికి పోతోందో, ఎప్పుడు పోతోందో ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాలి. నగదు టికెట్‌కు ఆ బాధ లేదు. చేతిలో చిల్లర ఉంటే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే నగదు కౌంటరు స్త్రీ స్వేచ్ఛకు సంబంధించిన విషయం అంటున్నాను.

టికెట్ దొరక్క బండెక్కితే ఏమవుతుంది? అదే చట్టం 138వ సెక్షన్ కింద చార్జీతో పాటు కనీసం 250 రూపాయల అదనపు రుసుము. ఐదు రూపాయల టికెట్‌కు యాభై రెట్లు! కాలివంతెన మూసేశారని పట్టాలు దాటితే 147వ సెక్షన్ కింద అది కూడా నేరమే. అంటే కౌంటరూ వాళ్ళే మూస్తారు, దారీ వాళ్ళే మూస్తారు, నేరస్తురాలు మాత్రం ఆమె! పైగా టీసీ ఆపి నలుగురిలో నిలబెట్టినప్పుడు ఆ అవమానం ఖరీదు ఏ రసీదులోనూ రాయరు.

నిజానికి చట్టంలో ఇందుకు ఒక దారి ఉంది. 55వ సెక్షన్ ప్రకారం అధికారం ఉన్న రైల్వే ఉద్యోగి అనుమతి తీసుకుని, చార్జీ తర్వాత చెల్లించే షరతు మీద, టికెట్ లేకుండానే బండెక్కవచ్చు. ఆ అనుమతికి ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. 250 రూపాయల జరిమానా బోర్డు పెట్టినవాళ్ళు దాని పక్కనే ఈ హక్కు గురించి ఇంకో బోర్డు ఎందుకు పెట్టరు?

ఇంకొక వాదన కూడా వినబడుతోంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం కదా, రైలు గొడవ ఎందుకు అంటారు. ఉచిత బస్సు స్త్రీలకు మేలు చేసిన పథకమే, కాదనను. కానీ ఒక బండి ఉచితంగా ఇచ్చాం కాబట్టి ఇంకో బండికి టికెట్ అమ్మం అనడం ఏం న్యాయం? ట్రాఫిక్‌లో గంటన్నర పట్టే దూరం రైల్లో అరగంటలో పోయేవాళ్ళున్నారు. ఏ బండి ఎక్కాలో నిర్ణయించుకోవాల్సింది ప్రయాణం చేసే మనిషి.

"కొన్నాళ్ళు ఓర్చుకోండి" అనేది అధికారుల ఆఖరి మాట. ఓర్పు అనగానే ఆడవాళ్ళే గుర్తొస్తారు ఈ దేశంలో! ఇరుకు దారుల్లో ఓర్చుకుంటే ఏమవుతుందో మనం చూశాం. 2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ కాలివంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్‌లో 18 మంది చనిపోతే, వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలే. రద్దీ తగ్గకుండా దారి తగ్గించడం ప్రాణాలతో చెలగాటం.

2025 మే 22న ప్రారంభమైన 103 కొత్త స్టేషన్లలో బేగంపేట ఒకటి. అక్కడ సిబ్బంది అంతా స్త్రీలేనని గొప్పగా చెప్పారు. కిటికీ లోపల స్త్రీ కూర్చోవడం మనకు సంతోషమే, ఆ ఉద్యోగాల కోసం మనం పోరాడాం కూడా. కానీ కిటికీ బయట నిలబడ్డ స్త్రీని పట్టించుకోనంత కాలం అది సగం మాటే. ఇక ఈ స్టేషన్లు కట్టేందుకు ఇసుక, ఇటుక మోస్తున్న స్త్రీలూ ఉన్నారు. మరుగుదొడ్డి మూసేస్తే ప్రయాణికురాలికి ఎంత కష్టమో, పొద్దుగూకేదాకా అక్కడే ఉండే ఆ కూలి తల్లికి అంతకు పదింతలు. ఆమెను వదిలేసి మన కోర్కెల జాబితా రాసుకోవడం తగదు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. కొత్త కౌంటరు పెట్టకుండా పాతది మూయకూడదు. స్టేషన్‌కు ఎన్ని వైపులుంటే అన్ని వైపులా కనీసం ఒక నగదు కిటికీ మొదటి బండి నుంచి ఆఖరి బండి వరకు తెరిచి ఉండాలి. స్త్రీలకు వేరే వరుస ఉండాలి. తాత్కాలిక దారిలో దీపాలు, తాత్కాలిక మరుగుదొడ్లలో నీళ్ళు ఉండాలి. కౌంటరు మూసిన స్టేషన్‌లో ఎక్కినవారి దగ్గర మామూలు చార్జీ తప్ప జరిమానా వసూలు చేయకూడదు. పనులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పటికి పూర్తవుతాయో తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి.

ఇవి కోట్లు ఖర్చయ్యే కోర్కెలు కావు. వీటికోసం ఢిల్లీ పోనక్కర్లేదు. పది రూపాయల ఫీజుతో 2005 సమాచారహక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తాత్కాలిక ఏర్పాట్ల గురించి కాంట్రాక్టు ఒప్పందంలో ఏం రాసుకున్నారో అడుగుదాం. స్టేషన్‌లో ఫిర్యాదుల పుస్తకం అడిగి రాద్దాం, 139 నంబరుకు ఫోన్ చేద్దాం. డివిజన్ స్థాయి ప్రయాణికుల సలహా సంఘాల్లో పనికి పోయే స్త్రీలకు చోటివ్వమని పట్టుబడదాం. ప్రతి సంఘం తన దగ్గరి స్టేషన్‌లో ఒక్క వారం, ఉదయం రెండు గంటలు నిలబడి ఎంతమంది స్త్రీలు టికెట్ దొరక్క వెనుదిరిగారో లెక్క రాస్తే, ఆ లెక్కతో డివిజనల్ మేనేజరు ఎదుట కూర్చోవచ్చు.

కొత్త స్టేషన్ మనకూ కావాలి. అయితే దానికోసం మన ఉద్యోగం, మన కూలి, మన నిద్ర ముందస్తుగా చెల్లించడానికి మేం సిద్ధంగా లేమని గట్టిగా చెప్పాల్సిన సమయం ఇదే. మనం అడుగుతున్నది డబ్బులిచ్చి కొనుక్కునే టికెట్.