ఒక లాప్‌టాపు, రెండు వ్యవస్థలు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టు కంపెనీవారి సాధారణ సంరక్షణ ముగిసెను. ఆ దినమున ఏ యంత్రమును ఆగిపోలేదు. మరునాడును యథాప్రకారము తెరచుకొనెను. అందుచేతనే ఈ సంగతిని గమనించిన గృహస్థులు మన ఓరుగంటిలో కొద్దిమందియే యని తోచుచున్నది. కాని, గడువు ప్రత్యేకముగా పొడిగించుకొన్నవి తప్ప, అట్టి యంత్రములకు నాటినుండి భద్రతా సవరణలు వచ్చుట నిలిచిపోయినది. విండోస్ 11 వేసికొందమన్నచో దానికి టీపీఎం 2.0 అను రక్షణ సాధనమును, ఇంచుమించు 2018వ సంవత్సరమునాటినుండి వచ్చిన ప్రాసెసరును కావలయును. అన్న ఇంజనీరింగు చదివి విడిచిన లాప్‌టాపు తమ్మునికి, తమ్ముని పిమ్మట చెల్లెలికి వచ్చు ఇండ్లు మన విద్యార్థులలో ఎన్ని లేవు? ఆ లాప్‌టాపు చెడిపోలేదు; దానిని పోషించువారు చేయి విడిచిరి, అంతియే. దానిని పాత సామానులవానికి తూకమునకు వేయుదుమా, లేక మరియొక దారి గలదా యనునది నేడు తలిదండ్రులయెదుట నున్న ప్రశ్న.

దారి గలదనియే మా అభిప్రాయము. విండోసును తీసివేయక, దాని ప్రక్కనే లినక్సు అను రెండవ వ్యవస్థను నెలకొల్పుకొనవలెను. దీనినే డ్యూయల్ బూట్ అందురు. లినక్సునకు వెల లేదు. పాత యంత్రముల మీదను చక్కగా నడచునట్టి తేలిక రూపములు దానికి గలవు. వానికి సవరణలు నేటికిని వచ్చుచున్నవి. ఇంటర్నెట్టుతో పనియున్నప్పుడు లినక్సునే వాడి, విండోసును నెట్టు లేని పనులకు మాత్రము నిలుపుకొన్నచో, పాత యంత్రము నిర్భయముగా మరికొన్ని యేండ్లు చదువునకు పనికివచ్చును.

ఇది ఎట్లు సాధ్యమని అడుగువారు కాజీపేట జంక్షనును తలంచుకొందురుగాక. వరంగల్లు విడిచిన బండి కాజీపేట చేరినపిమ్మట పడమటగా సికింద్రాబాదునకైనను, ఉత్తరముగా బల్లార్షాకైనను పోవచ్చును. ఒకే బండి ఒకే సమయమున రెండు దారులను పోజాలదు. పట్టాలు కలియుచోట పాయింట్లను ఏ వైపునకు మార్చిన ఆ వైపునకే సాగును. లాప్‌టాపునందు ఈ పాయింట్ల పని చేయునది గ్రబ్ అను చిన్న ప్రోగ్రాము. మీట నొక్కగానే అది రెండు పేర్లను తెరపై చూపి, కొన్ని సెకండ్లు వేచియుండి, మీరు కోరినదానిని నడపించును. ఏమియు కోరనిచో తనకు ముందుగా చెప్పియుంచినదానిని తీసికొనును.

ఒక్కడు ఇద్దరు యజమానులను సేవింపజాలడను సువార్త వాక్యమును ఈ సందర్భమున జ్ఞాపకము చేసిన పెద్దలు కలరు. ఆ పరిహాసమునకు మేమును నవ్వితిమి. కాని యిక్కడ యజమాని విద్యార్థి. వ్యవస్థలు రెండును సేవకులు. నిజాము రాజ్యమున మన తాతలు హాలీ సిక్కాను, బ్రిటిషు కల్దారు రూపాయిని ఒకే సంచిలో నుంచుకొని, ఏ అంగడిలో ఏది చెల్లునో ఎరిగి తీసి యిచ్చెడివారు. అందువలన వారి లెక్కలు తప్పిపోలేదు; పైపెచ్చు మారకపు గణితము బాగుగా వచ్చెను!

లినక్సును 1991లో ఆరంభించిన లైనస్ టోర్వాల్డ్సు నాటికి హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన యిరువదియొక్క యేండ్ల విద్యార్థి. దానికి ముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికను, ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనదగిన వ్యవస్థ కావలెనని గ్నూ ఉద్యమమును ప్రకటించియుండెను. ఈ రెండింటి కలయికయే నేటి లినక్సు. మనకు ప్రీతికరమైన మాట మరియొకటి గలదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు నిర్మించి యందరికిని స్వేచ్ఛగా విడిచిన తెలుగు అక్షరరూపములకు పోతన, వేమన అని పేర్లు పెట్టిరి. అవి డెబియన్ అను లినక్సు భాండారమున చేరియున్నవి. పోతన గ్రామమని చెప్పబడు బమ్మెర మనకెంత దూరము? హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థవారు తెరపై ఆజ్ఞలు తెలుగున కనబడు లినక్సును సిద్ధపరచిరి. కేరళమున ప్రభుత్వ పాఠశాలలు కంప్యూటరు విద్యను ఏండ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే నేర్పుచున్నవి. అక్కడి బాలురకు సాధ్యమైనది మన బాలురకు అసాధ్యము కానేరదు.

అట్లయినచో విండోసును పూర్తిగా తుడిచివేయరాదా యని ఉత్సాహవంతులు కొందరు వాదింతురు. వారితో మేమేకీభవింపము. తెలుగు అచ్చుపని నేటికిని అనేక ముద్రణాలయములలో పేజ్‌మేకరు, అను ఫాంట్లతోనే జరుగుచున్నది; అవి విండోసుపై నడచునవి. తండ్రి డీటీపీ పనిచేసి యిల్లు గడుపుచుండగా కుమారుడు సిద్ధాంతము పేరిట ఆ పనిముట్టును చెరుపుట వివేకము కాదు.

తలిదండ్రుల భయమును మేము తేలికగా నెంచము. ఏమరుపాటున ఇంటి ఫోటోలు, మార్కుల మెమోలు, అన్నియు నొక్క నిముషమున నశింపగలవు. కనుక మొదటి పని నకలు. ముఖ్యమైనదంతయు వేరొక డిస్కునందు దాచి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో నుంచిన తరువాతనే తక్కినది. పిమ్మట బిట్‌లాకరు తాళము సంగతి విచారింపవలెను. చాల లాప్‌టాపులలో అది యజమానికి తెలియకుండనే వేయబడియుండును. బూటు విధానము మారగానే అది 48 అంకెల సంఖ్యను అడుగును. ఆ సంఖ్యను ముందుగా కాగితముపై వ్రాసికొననివారు తమ యింటి తలుపు బయట తామే నిలువబడుదురు. ఫాస్ట్ స్టార్టప్ అను సౌకర్యమును ఆపివేయవలెను. లేనిచో విండోసు సగము నిద్రలోనుండి, దాని దస్త్రములను లినక్సు వ్రాయబోయినచో చిక్కు కలుగును. డిస్కులో స్థలము ఖాళీ చేయుట విండోసులోని డిస్క్ మేనేజ్‌మెంటు చేతనే చేయించుట క్షేమము. 40 జీబీలు విడిచిన చాలును. ఛార్జరు తగిలించియే పని మొదలిడవలెను. అన్నింటికంటె అపాయకరమైనది స్థాపన వేళ వచ్చు నొక ప్రశ్న: ప్రక్కన నెలకొల్పుదునా, డిస్కునంతయు తుడిచి నెలకొల్పుదునా? ఇచ్చట వ్రేలు తొందరపడరాదు. చదువకయే సరేయని నొక్కు అలవాటు గల బాలునికి ఈ పని నప్పగింపరాదు.

ఇంకొక చిత్రము. విండోసు లోపలి గడియారమును స్థానిక కాలముగా నెంచును. లినక్సు దానిని గ్రీనిచ్ కాలముగా నుంచును. అందుచేత లినక్సును వాడి మరల విండోసునకు వచ్చినచో, మన బడి గంట తొమ్మిదిన్నరకు మ్రోగుచుండగా లాప్‌టాపు తెల్లవారుజామున నాలుగని చూపును. యంత్రము చెడినదని దుకాణమునకు పరుగెత్తవలదు. స్థానిక కాలమునే పాటింపుమని లినక్సునకు నొక్క ఆజ్ఞ యిచ్చిన సరిపోవును. ఈ అయిదున్నర గంటల భేద మేల వచ్చెనో విచారించిన బాలుడు రేఖాంశముల పాఠమును మరల మరువడు.

మా కోరిక యొక్కటి. వార్షిక పరీక్షలు ముగిసిన తరువాత నొక శనివారము కంప్యూటరు గదిని ఇందుకై తెరచియుంచవలెనని పాఠశాల అధికారులను ప్రార్థించుచున్నాము. ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలబాలికలు తలిదండ్రుల సంతకము గల ఉత్తరము, నకలు తీసిన డిస్కు, తాళపు సంఖ్య వ్రాసిన కాగితము, ఛార్జరు తెచ్చుకొనవలెను. ఈ నాలుగింటిలో ఏది లేకున్నను వారి యంత్రమును ముట్టరాదు; వారు ప్రక్కన కూర్చుండి చూడవచ్చును. తలిదండ్రులును రావచ్చును, ముఖ్యముగా తల్లులు. ఇంటి ఫోటోలు ఏ అరలో నున్నవో వారికే తెలియును.