జాబితాకెక్కని గోవిందు

1847 అనగానే పత్రికల్లో 'చరిత్రలో ఈ రోజు' శీర్షిక కింద ఏమేం వస్తాయో నాకు కంఠోపాఠం. జనవరి 6న తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధి పొందారు. ఫిబ్రవరి 11న ఎడిసన్ పుట్టాడు, మార్చి 3న గ్రాహంబెల్, అక్టోబరు 1న అనీబిసెంట్. మరీ శ్రద్ధగల ఉపసంపాదకుడైతే ఆ ఏడే ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైందని ఇంకో వాక్యం చేరుస్తాడు. అక్కడితో ఏడాది అయిపోతుంది.

మా కోయంబత్తూరులో ఆ ఏడాది ఏం జరుగుతోందో ఎవరూ రాయరు. నేను ఈ ఊళ్లో బోటనీ చెప్పి రిటైరైనదాన్ని, పీలమేడు వైపు తెలుగు ఇంట్లో పుట్టినదాన్ని. కాబట్టి ఆ పని నా నెత్తినే వేసుకుంటున్నాను.

అప్పుడు ఇక్కడ రాబర్ట్ వైట్ అనే స్కాట్లండు డాక్టరు పత్తి చేలు చూస్తుండేవాడు. కంపెనీ సర్కారు 1842లో ఆయన్ని ఆ పనికి పెట్టింది. విత్తనం అమెరికాది, సేద్యం నేర్పడానికి వచ్చిన దొరలూ అమెరికా వాళ్లే, నేల మాత్రం మాది. ఇంగ్లండు మిల్లులకు పొడుగు పింజ కావాలి, మన నాటు పత్తి పింజ పొట్టి. నల్లరేగడిని వెతుక్కుంటూ నాయకరాజుల కాలంలో మావాళ్లు దక్షిణానికి దిగారని మా ఇంటి పెద్దలు చెప్పేవాళ్లు. ఆ రేగడి గుణం దొరల కంటే వాళ్లకే బాగా తెలిసి ఉంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. అమెరికా పత్తి అనుకున్నంత ఫలించలేదు. 1853లో వైట్ రిటైరై ఇంగ్లండుకు వెళ్లిపోయాడు.

పత్తి ఆయన జీతం పని. మనసంతా మొక్కల మీదే ఉండేది. 1838 నుంచి 1853 దాకా ఆరు సంపుటాల్లో దక్షిణ భారత వృక్షసంపదను అచ్చు వేయించాడు. వాటిలో 2101 పటాలున్నాయి. మొదట్లో రంగయ్య అనే చిత్రకారుడు వేసేవాడు, 1845 ప్రాంతం నుంచి ఆ పని గోవిందు చేతికొచ్చింది. అంటే మన జాబితాలో త్యాగరాజస్వామి పేరున్న ఆ ఏడాది, కావేరికి ఇటు పక్క, గోవిందు వైట్ దగ్గర కూర్చుని పువ్వులు విప్పి చూస్తున్నాడు. రంగయ్య, గోవిందు ఇద్దరూ తంజావూరులో స్థిరపడిన తెలుగు రాజు కులపు చిత్రకార కుటుంబాల వారై ఉంటారని పరిశోధకుల అంచనా.

ఆ పనేమిటో కాస్త చెప్పాలి. కొండమీద నుంచి తెచ్చిన ఆర్కిడ్ పువ్వు వేడికి ఎంతోసేపు నిలవదు. వాడేలోపు కొమ్మ వంపు, ఆకు ఈనెలు, పూరేకుల వరస పట్టుకోవాలి. తర్వాత పువ్వును కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆవగింజంత భాగాన్ని అరచేయంత చేసి పక్కన వేయాలి. పుప్పొడి ముద్దలు ఎలా అతుక్కున్నాయి, అండాశయంలో ఎన్ని అరలు, కాయ ఎటు పగులుతుంది, ఇవన్నీ అందులో ఉండాలి. ఒక గీత తప్పితే లండన్‌లో కూర్చున్న శాస్త్రజ్ఞుడు దాన్ని వేరే మొక్క అనుకుంటాడు. మా పిల్లల చేత రికార్డు పుస్తకంలో మందారం నిలువుకోత వేయించేసరికే నా తలప్రాణం తోకకొచ్చేది. గోవిందు పటాలను పాఠంలో చూపిస్తే వెనక బెంచీ వాళ్లు కూడా నోరు మూసుకునేవాళ్లు. అచ్చులో అవి నలుపు తెలుపు గీతలే. ఆయన రంగుల్లో వేసిన మూల చిత్రాలు ఎడిన్‌బరో వృక్షోద్యానంలో భద్రంగా ఉన్నాయి.

చివరి సంపుటంలో, 1853లో, వైట్ ఒక మంచి పని చేశాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి 'గోవిందూయియా' అని పేరు పెట్టాడు. గవర్నర్లకూ సేనానులకూ మొక్కల పేర్లు కానుకలిస్తున్న కాలం అది. ఆ వరసలో ఒక చిత్రకారుణ్ని నిలబెట్టాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతిని ట్రోపిడియాలో కలిపేశారు. అది శాస్త్రంలో మామూలే, నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు మన జాబితాల మీద.

వైట్ 1796లో పుట్టి 1872లో పోయాడు, కాబట్టి ఏ ఏడాది జాబితాలోనైనా ఇమిడిపోతాడు. గోవిందు ఇమడడు. ఆయన పుట్టినరోజుకు రిజిస్టరు లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జననమరణాల నమోదుకు చట్టం వచ్చిందే 1899లో. అంతకుముందు మనవాళ్ల జాతకాలు ఇంట్లో తాటాకుల మీదే, అవి చెదలకు ఆహారం. తేదీ ఉన్నవాడే పుట్టినట్టు, తేదీ ఉన్నవాడే పోయినట్టు లెక్కేస్తే, 1847లో దక్షిణాది తెలుగువాళ్లలో మిగిలేది త్యాగరాజు ఒక్కడే. ఆయన్నయినా మనం తిరువయ్యారు నుంచి ఎత్తుకొచ్చి ఆంధ్రదేశంలో కూర్చోబెట్టుకుంటాం, ఆయన చుట్టూ ఉన్న ఊళ్లను అక్కడే వదిలేస్తాం.

మదురై ఈ విషయంలో కొంచెం నయం. 1840ల ప్రాంతంలో కలెక్టరు బ్లాక్‌బర్న్ కోటగోడలు కొట్టించి వీధులు వేయించినప్పుడు, పని చేయించిన మేస్త్రి పేరు వీధికి మిగిలింది. పెరుమాళ్ మేస్త్రి వీధి అంటే రైలు దిగగానే ఎవరైనా చూపిస్తారు. ఆయన ఎప్పుడు పుట్టాడని ఆ ఊరు అడగలేదు, ఏం చేశాడో చూసింది.

ఆ మదురైలోనే మన 1847 ఇంకో చోట ఉంది. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్ రాసి దాచిన ప్రతులు అక్కడి సౌరాష్ట్ర సభకు చేరాయి. వాళ్లింట్లో మాట సౌరాష్ట్రం, బజారులో తమిళం, కీర్తన రాసుకోవడానికి తెలుగు లిపి. స్వామి పోయిన తేదీని మనం ఏటా అచ్చు వేస్తాం. పాటలు పోకుండా చూసిన ఆ చేతిరాతల కోసం మదురై దాకా వెళ్లే తెలుగు పరిశోధకులు ఎంతమంది? వెళ్లినా, ఊళ్లో సాయం చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఆ రాష్ట్రం తన భాషను చూసుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ మా ఇళ్లలో తెలుగు నోటికే మిగిలింది. మా మేనకోడలు చక్కటి తెలుగులో పోట్లాడుతుంది, పెళ్లి శుభలేఖ మీది తెలుగు మాత్రం నాచేత చదివించుకుంటుంది.

గోవిందు తెలుగువాడేనని రుజువేమిటని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. కోర్టులో నిలిచే రుజువు లేదు, పండితుల అంచనా ఉంది. నేను ఆయన్ని కులం బండెక్కించి ఊరేగించమనడం లేదు. తెలుగువాడు కాదని రేపు తేలినా, ఆయన వేసిన మొక్కలు శేషాచలంలోనూ నల్లమలలోనూ మొలిచేవే చాలా ఉన్నాయి. ఆ బొమ్మల పక్కన తెలుగు పేరు రాయడానికి ఎవరి జాతకమూ అక్కర్లేదు.

నేను అడిగేవి చిన్న పనులే. 1847 జాబితా వేసే సంపాదకులు ఇంకో వాక్యం చేర్చండి: కోయంబత్తూరులో గోవిందు వృక్షచిత్రాలు వేస్తున్నాడు. హెన్రీ నోల్టీ అనే పరిశోధకుడు 2007లో రంగయ్య, గోవిందుల మీద ఇంగ్లిషులో మూడు సంపుటాలు తెచ్చాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఏదో ఒకటి ఎడిన్‌బరోకు ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని, ఓ వంద పటాలు తెలుగు పేర్లతో అచ్చు వేయాలి. మద్రాసు హెర్బేరియం ఇప్పుడు మా ఊళ్లోనే ఉంది, పేర్లు సరిచూడటానికి మనుషులు దొరుకుతారు. గోవిందు పేరిట ఆర్కిడ్ వెలిసి 2028కి 175 ఏళ్లు. పనికి ఈ ఏడే దిగితే అప్పటికి పుస్తకం బయటికొస్తుంది. ప్రూఫులు నేను దిద్దిపెడతాను, జీతం వద్దు.