చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలి?

మన తండాల నుంచి, గూడేల నుంచి ఎంతోమంది కోచింగ్ కోసం, షాపుల్లో పని కోసం అమీర్‌పేట పోతున్నారు. మా అక్క కూడా అక్కడే ఉంది. వాళ్లలో ఎవరికైనా అన్యాయం జరిగితే ఎటు పోవాలి? పంజాగుట్టలో పోలీస్ స్టేషను ఉంది, నిమ్స్ ఆస్పత్రి ఉంది. కోర్టేమో నాంపల్లిలో. ఇన్ని ఉన్నాయి గదా అనుకుంటాం. కానీ దెబ్బ తిన్న మనిషి గడప గడపా ఎక్కి ఏడ్చిందే ఏడవాలంటే మూడో గడపకే నోరు మూతపడుతుంది. చూసిన సాక్షి "నాకెందుకీ గొడవ" అని ఊరెళ్లిపోతాడు.

నా అభిప్రాయం ఒక్కటే. తిరగాల్సింది ఆఫీసుల వాళ్లు, బాధితులు కాదు.

ఇది జరగని పనేం కాదు. 2016లో హైదరాబాదు పోలీసులు హాకా భవన్‌లో 'భరోసా' కేంద్రం పెట్టారు. పోలీసు సాయం, వైద్యం, కౌన్సెలింగు, న్యాయ సలహా అన్నీ ఒకేచోట. పిల్లలు భయపడకుండా సాక్ష్యం చెప్పడానికి 2018లో అక్కడే ప్రత్యేక కోర్టు కూడా వచ్చింది.

ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఏమవుతుందో మన గిరిజనులకు తెలుసు. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. దాదాపు 16 ఏళ్లకు, 2023 ఏప్రిల్ 6న, కోర్టు నిందితులను విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఆ కోర్టే చెప్పి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది.

చట్టంలో మన కోసం చాలా ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులు యూనిఫారంలో వచ్చి పిల్లల వాంగ్మూలం తీసుకోకూడదు. పిల్లల్ని పదేపదే కోర్టుకు పిలవకూడదు. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలకు అవసరమైతే ఆ భాష తెలిసిన వాళ్లను పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం బాధితులకు, సాక్షులకు దారి ఖర్చులు ఇవ్వాలి.

"ఇవన్నీ పోలీసుల సంగతులు, హాస్టలు పిల్లలకెందుకు?" అని కొందరంటారు. మన హాస్టలు కూడా ఆ గొలుసులో ఒక లంకే! తెలిసి కూడా పరువు పోతుందని దాస్తే పోక్సో కింద అదీ నేరమే.

అందుకే వార్డెన్ గార్లకు మనవి. 1098, 112 నంబర్లు మెస్ బోర్డు పక్కన రాయించండి. ఎవరైనా బాధ చెప్పుకుంటే ఒక్క టీచరుగారే విని, ముందుకు తీసుకెళ్లాలి. సాక్ష్యానికి పోయిన రోజు హాజరు కోయొద్దు, తోడుగా ఒకరిని పంపండి.

మిత్రులారా, మనం కూడా ఒకటి చేద్దాం. చెప్పుకున్న వాళ్లను గుచ్చి గుచ్చి అడగొద్దు. పక్కన కూర్చుందాం, చాలు.

- పదవ తరగతి విద్యార్థిని